మోతి పద్దులో అల్లుడి కోళ్ళు

1976వ సంవత్సరం జూన్ 6, ఆదివారం, సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు. రోహిణి కార్తె వెళ్ళిపోవడానికి ఇంకా రెండు రోజులు ఉన్నాయి. పడమట మబ్బు పట్టింది, గాలిదుమారం లేచింది, చినుకు మాత్రం పడలేదు. ఆ సమయానికి నేను, చేతిలో ఒక గుడ్డసంచితో, ఆ సంచిలో నెలన్నర వయసున్న ఒక కుక్కపిల్లతో, జనగామకు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి గడప ముందు నిలబడి ఉన్నాను. ఇంత కచ్చితంగా ఎట్లా తెలుసునని అడిగే పాఠకులకు మనవి: బస్సు దిగగానే గడియారం చూసి డైరీలో రాసుకున్నాను. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నా జ్ఞాపకశక్తిని నేను నమ్మను. ఇతరులది అసలే నమ్మను. (మా బంధువుల్లో ఈ కథను నాలుగు రకాలుగా చెబుతారు. నాలుగింటిలోనూ తేదీ లేదు. కాబట్టి నాలుగూ చెల్లవు.)

ఆ రోజుల్లో మా వైపు కుక్కను పెంచడం అనే మాటే లేదు. కుక్కలు ఉండేవి, అంతే. వాడకు రెండో మూడో ఉండేవి. ఏ గడప ముందు గంజి దొరికితే ఆ పూటకు ఆ ఇంటివి. వాటికి గొలుసు లేదు, సూది లేదు, కనుక ఖర్చూ లేదు. పట్నంలో కుక్క మీద నెలనెలా పైసలు పెట్టే మనుషులు ఉంటారని ఎవరైనా చెబితే, మా ఊరివాళ్ళు ఆ చెప్పినవాడినే జాలిగా చూసేవారు. అటువంటి ఊళ్ళో పుట్టి, ఇరవై ఐదేళ్ళ వయసులో, నెలకు మూడువందల పది రూపాయల జీతం మీద జనగామలోని ఒక సర్కారు దఫ్తరులో పద్దుల గుమాస్తాగా చేరి, ప్రతిదానికీ ముందుగా ఒక అంచనా వేసుకుంటే చాలు, ఆ తరువాత ప్రపంచమే ఆ అంచనాకు లోబడి నడుస్తుందని మనస్ఫూర్తిగా నమ్మిన యువకుణ్ణి నేను. ఆ నమ్మకాన్ని పగలగొట్టింది మా పై అధికారి కాదు, పద్దుల తనిఖీదారు కాదు. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒక గోధుమరంగు కుక్కపిల్ల.

మే నెలాఖరులో దఫ్తరు నన్ను పదకొండు రోజుల పనిమీద భూపాలపల్లి వైపు పంపింది. అప్పటికి అటంతా అడవే. నేను బస చేసిన ఇంట్లో ఒక కుక్క ఐదు పిల్లలను ఈనింది. వాటిలో ఒకటి దినమూ నేను తెరిచి పెట్టిన రిజిస్టరు మీదికెక్కి పడుకొనేది. దించితే మళ్ళీ ఎక్కేది. పదకొండో రోజున ఆ ఇంటి ఇల్లాలు నవ్వి, "అది నీ పుస్తకం ఇడుస్తలేదు సారూ, పుస్తకంతోనే తీస్కపో" అన్నది. తీసుకువచ్చాను. బస్సులో కండక్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు గానీ నేనే ఊరుకోలేదు. టికెట్టు అడిగి కొట్టించుకున్నాను. డెబ్బై ఐదు పైసలు. దానికి దారిలోనే మోతి అని పేరు పెట్టాను. మోతి పద్దులో మొదటి రసీదు అదే.

గడప దగ్గర మా బాపు, అంటే మా నాన్న, అడ్డంగా నిలబడ్డాడు. "ఏంది గది సంచిల?"

"కుక్కపిల్ల, బాపూ."

"ఎవ్వలిది?"

"మనదే."

"మనదెట్లయింది? మనమేమన్న కన్నమా?" అన్నాడు బాపు. బాపుకు చదువు రాదు. కానీ పదెకరాల మెట్ట చెలక లెక్కలు, ముప్పై ఏళ్ళ ఇచ్చిపుచ్చుకోళ్ళు, పైసతో సహా నోటిమీద ఉండేవి. నేను తడబడలేదు. బస్సులోనే తయారుచేసుకున్న అంచనా కాగితాన్ని జేబులోంచి తీసి, దఫ్తరులో చదివినట్టే చదివాను. గంజి, మిగిలిన అన్నం: ఇంట్లో ఉన్నవే, ఖర్చు లేదు. కటికాయన దగ్గర బొక్కలు, నెలకు రూపాయి చొప్పున పన్నెండు రూపాయలు. గొలుసు, మెడపట్టీ నాలుగు రూపాయల డెబ్బై ఐదు పైసలు. పశువుల దవాఖానలో సూదిమందు మూడు రూపాయలు. బస్సు టికెట్టు డెబ్బై ఐదు పైసలు. ఇతర ఖర్చులు రెండు రూపాయలు. "మొత్తం ఏడాదికి ఇరవై రెండు రూపాయల యాభై పైసలు. నా జీతంల నుంచి నేనే పెట్టుకుంట."

బాపు శాంతంగా విన్నాడు. "అరవై తొమ్మిదిల గూడ గిట్లనే లెక్కజెప్పినవ్. నెల దినాలల్ల తెలంగాణ అస్తది, ఎన్కనే కాలేజి తెరుస్తరు అన్నవ్. ఏడాది పాయె."

ఈ మాట నిజం. ఉద్యమంలో ఊరేగింపులకు తిరిగి నా చదువు సరిగ్గా ఒక సంవత్సరం వెనుకబడింది. ఆ సంవత్సరం పోయినందుకు నాకు అప్పుడూ విచారం లేదు, ఇప్పుడూ లేదు. ఆ మాటే బాపుతో అన్నాను. ఆయన తల ఊపాడు. "సరె. నువ్వు ఇరవై రెండున్నర అంటున్నవ్. నేను నూటిరవై దాక నోరు మెదప. ఇయ్యాల్టికెల్లి ఏడాది. నూటిరవై మీద ఒక్క పైస ఎక్కినా, దాన్ని యాడికెల్లి తెచ్చినవో ఆడ్నే ఇడిసిపెట్టి రావాలె. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంట. రాసి సంతకాలు పెడుదమా?"

"నాకు సంతకం రాదు. నాకు మాటనే సంతకం."

ఆ రోజు అంచనాకు ఐదింతలకు మించిన పరిమితిని నా చేతిలో పెట్టిన బాపును చూసి నేను లోలోపల జాలిపడ్డానని ఒప్పుకోవాలి. (ఆయన నూట ఇరవై అనే సంఖ్యను ఎక్కడినుంచి తెచ్చాడో అని చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆయన అంచనా వేశాడు, అంతే. నాకంటే మెరుగ్గా వేశాడు.)

ఎల్లుండే మృగశిర. ఆనాడు మా వైపు ప్రతి ఇంట్లో చేపలు వండాలి. మా అవ్వ (మా ఇంట్లో అమ్మను అట్లాగే పిలిచేవాళ్ళం) ఆరున్నర రూపాయల చేపలను కడిగి, ముక్కలు కోసి, పళ్ళెంలో పెట్టి పసుపు కోసం లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి పళ్ళెం పొయ్యిపక్క బూడిదలో బోర్లపడి ఉంది. దానిపక్కనే మోతి, మీసాలకు బూడిదతో, చాలా గంభీరంగా కూర్చొని ఉంది. అవ్వ కేకలు వేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "మృగశిర నాడు చాప తింటె ఏడాదంత రోగం రాదంటరు. తిన్నది, ఇగ దాని సూదిమందు పైసలు మిగిలినయ్ నీకు" అన్నది. మిగలలేదు. రెండోసారి చేపలు కొనవలసి వచ్చి, ఆ ఆరున్నర మోతి పద్దులోనే పడింది.

అక్కడినుంచి నా అంచనా ఒక్కొక్క అంకె చొప్పున కూలిపోయింది. నాలుగు రూపాయల డెబ్బై ఐదు పైసల గొలుసును మోతి నాలుగో నెలలో తెంపింది. రెండోది ఏడు రూపాయలు. ఇంట్లో మిగిలే అన్నం లెక్కకు వచ్చినంతగా నిజానికి మిగలదని, మిగిలినా అవ్వ దాన్ని ముందు బర్రెకు పెడుతుందని తెలిసి, నెలకు రెండున్నర రూపాయల నూకలు కొనడం మొదలుపెట్టాను. బొక్కలు రూపాయి నుంచి రూపాయిన్నరకు చేరాయి. బాపు జనగామలో చెప్పి కుట్టించుకున్న కిర్రుచెప్పుల్లో ఎడమదాన్ని మోతి నమిలివేసింది. బాపు కుడిచెప్పును చేత్తో పట్టుకొని నా ముందు కూర్చున్నాడు.

"గిది ఏ పద్దుల రాస్తవ్?"

"ఇతర ఖర్చులు."

"ఇతర ఖర్సులకు రెండు రూపాలు పెట్టినవ్ గద. గిది పద్నాలుగు."

పద్నాలుగే రాశాను. పక్కింటివాళ్ళ కోళ్ళు రెండింటిని చంపినప్పుడు పదహారు రూపాయలు కట్టాను. అందులో ఒకటి తినడానికి పనికివచ్చే స్థితిలో ఉన్నందున, "పైసలిచ్చినంక అది మన కోడే గద" అని అవ్వ వండేసింది. ఆ ఎనిమిది రూపాయలను నేను రాబడి కింద చూపాను. బాపు దాన్ని ఒప్పుకున్నాడు. ఆయన అన్యాయస్థుడు కాడు. ఈ విధంగా 1977 ఫిబ్రవరి 9, బుధవారం నాటికి మోతి మీద అయిన ఖర్చు డెబ్బై తొమ్మిది రూపాయల నలభై పైసలు. చేతిలో ఉన్న పరిమితి నలభై రూపాయల అరవై పైసలు. గడపవలసినవి నూట పదహారు రోజులు. మంచి సంఖ్య అని అవ్వ సంతోషించింది. నెలకు నాలుగు రూపాయల చొప్పున ఎంత నడిపినా తొంభై ఆరుకు మించదని నేనూ సంతోషించాను. మర్నాడు మా బావ వచ్చాడు.

బావ అంటే మా అక్క పెనిమిటి. నర్సింహులపేటలో మిరపతోటల ఆసామి. మనిషి ఆజానుబాహువు, గొంతు రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది, ఎద్దు కొమ్ములు పట్టి వంచగలడు. కానీ సూది పేరు చెబితే ముఖం తెల్లబడుతుంది. శుక్రవారం అంగడిలో ఎడ్లజత కొనడానికని ఆయన ఒక్కడే గురువారం సాయంత్రం ఆరుంపావుకు మా ఇంటికి వచ్చాడు. బావ వస్తే బామ్మర్ది లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళకు ఇవ్వాలి. అది మా ఇళ్ళలో ఆచారం. ఎన్నడూ తప్పినవాణ్ణి కాను. ఆ సాయంత్రం మాత్రం నేను వాకిట్లో మంచం మీద కూర్చొని దఫ్తరు పద్దులో ఒక పొడవైన వరుసను కూడుతున్నాను. కూడిక మధ్యలో లేచినవాడు గుమాస్తా కాడు. "ఒక్క నిమిషం బావా" అన్నాను, తల ఎత్తకుండానే.

"ఏం బామ్మర్దీ, బావ వస్తే లేస్తలేవా? గంత పెద్ద కలెక్టరువైనవా?" అని ఆయన నవ్వుతూ నా వీపు మీద ఒక్క గుద్దు గుద్దాడు. బావాబామ్మర్దుల మధ్య అదీ ఆచారమే. కానీ భూపాలపల్లిలో పుట్టిన కుక్కకు ఆ ఆచారం తెలియదు. మంచం కింద పడుకొని ఉన్న మోతి గుర్రుమన్నది. బావ రెండోసారి గుద్దాడు. మోతి ఆయన కుడిపిక్క పట్టింది. (మొదటి గుద్దుకు అది హెచ్చరిక మాత్రమే ఇచ్చింది, రెండో గుద్దుకే కరిచింది. నేను లెక్కపెట్టాను. ఈ వరుస తరువాత చాలా ముఖ్యమవుతుంది.)

సబ్బుతో కడిగి, టింక్చరు రాసి (రెండూ కలిపి రూపాయి ఇరవై పైసలు, మోతి పద్దు), బావను సైకిలు వెనక కూర్చోబెట్టుకొని జనగామ దవాఖానకు తొక్కాను. అక్కడి డాక్టరు కోస్తావైపు పెద్దమనిషి. పంటిగాట్లు చూసి, "పెంపుడు కుక్కేనా? మీ కళ్ళ ముందే ఉంటుందా? అయితే పది రోజులు గమనించండి. కుక్క బాగుంటే మీకేం భయం లేదు. దానిలో ఏమాత్రం తేడా కనిపించినా వెంటనే వచ్చేయాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు" అన్నాడు. (ఇది ఆనాటి వైద్యం. ఈనాడు ఎవరూ దీన్ని పాటించవద్దు; కరిచిన రోజే దవాఖానకు పోయి సూది వేయించుకోవాలి.)

తిరుగుదారి ఐదు కిలోమీటర్లు బావ బొడ్డు మీద చేయి పెట్టుకొనే కూర్చున్నాడు. ఇల్లు చేరాక బాపుతో అన్నాడు: "మామా, కుక్క మంచిగుంటె నేను మంచిగుంటనట. పది దినాలు నేను ఈడికెల్లి కదల. అది నా కండ్ల ముందల్నే ఉండాలె."

"నేను దినాం కార్డు ముక్క రాసి ఏస్త బావా. నువ్వు నిమ్మలంగ ఇంటికి పో" అన్నాను.

"నువ్వా? అది సచ్చిందనుకో, అసొంటిదే ఇంకోటి తెచ్చి కట్టేసి, 'మంచిగున్నది' అని రాస్తవ్. మీ దఫ్తరోళ్ళ పద్దులు నాకు తెల్వదా?"

నా జీవితంలో నా పద్దులను శంకించినవారు ఇద్దరే. అందులో మొదటివాడు మా బావ. (రెండో ఆయన పద్దుల తనిఖీదారు; పదవీ విరమణ చేశాడు.) ఆ అవమానాన్ని దిగమింగి, మర్నాటి నుంచి ఒక రిజిస్టరు తెరిచాను. ప్రతిరోజూ ఉదయం ఆరున్నరకు బావ దూరంగా మంచంమీద కాళ్ళు ముడుచుకొని కూర్చునేవాడు. పిచ్చికుక్క నీళ్ళు ముట్టదంటారు గనుక నేను మోతి ముందు నీళ్ళ గిన్నె పెట్టేవాణ్ణి. అది గటగటా తాగేది. "తాగింది, రాసుకో" అనేవాడు బావ. రాసుకొనేవాణ్ణి. అటుపిమ్మట ఆయన ఒక దీర్ఘమైన నిట్టూర్పు విడిచి, అవ్వ వైపు తిరిగి, "అత్తా, ఇయ్యాల ఏం కూర?" అనేవాడు.

అల్లుడు ఇంట్లో ఉంటే మా వైపు పప్పు వండరు. వండితే ఆ మాట నర్సింహులపేట దాకా పోతుంది. కుక్క కరిచినవాడు నీసు తినకూడదని వాడకట్టులో ఒక ముసలాయన చెప్పబోతే, "డాక్టరు పథ్యం చెప్పలె. డాక్టరు కన్న నీకు ఎక్కువ తెలుసా పెద్దయ్యా?" అని బావ ఆయన నోరు మూయించాడు. పది రోజుల్లో నాలుగు కోళ్ళు, తొమ్మిదేసి రూపాయల చొప్పున ముప్పై ఆరు. మధ్యలో వచ్చిన ఆదివారం అరకిలో మాంసం, ఐదు రూపాయలు. రోజూ సాయంత్రం కల్లు, రూపాయిన్నర చొప్పున పదిహేను. వెరసి యాభై ఆరు రూపాయలు. ఈ పైసలన్నీ ఇచ్చింది బాపే. ఇస్తున్న ప్రతిసారీ ఆయన నా వైపు చూసి ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. ఆయన నోటి లెక్క కట్టుకుంటున్నాడని తెలుసు.

ఆరో రోజు, ఫిబ్రవరి 16, బుధవారం. ఉదయం ఆరున్నర. గిన్నె పెట్టాను. మోతి తాగలేదు. తల ఎత్తింది, గిన్నె వైపు చూసింది, చూపు నిలవలేదు. మూతివెంట చొంగ కారుతున్నది. లేవబోయి పక్కకు ఒరిగింది. బావ మంచం దిగి నేల మీద చతికిలబడ్డాడు.

"అయిపాయె. బామ్మర్దీ, రాసుకో. తోట మీద అప్పు లేదు. మోటరు పైసలు ముప్పావు కట్టిన. మీ అక్కకు చెప్పు, పిలగాండ్లను మంచిగ చదివియ్యమను."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు అంతటివాడే, "ఊకో అల్లుడా, ఊకో" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాడు. నేను రిజిస్టరులో ఆ గడి నింపకుండానే గోనెసంచి కోసం పరుగెత్తాను. బావ కోసమే అని చెబితే అది పూర్తి నిజం కాదు. మోతిని గోనెసంచిలో చుట్టి, రెండు రూపాయలకు రిక్షా మాట్లాడి, పశువుల దవాఖానకు పోయే దారంతా నేను దాని చెవులనే పట్టుకొని కూర్చున్నాను. బావ నా సైకిలు మీద, రిక్షాకు ఇరవై గజాల వెనక, ఊరేగింపు వెంట నడిచే మనిషిలా వచ్చాడు.

కంపౌండరు వంగి మోతి మూతి దగ్గర వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. "ఎంత పోసిండ్రు దీనికి?"

"ఏంది?" అన్నాను.

"కల్లు."

నేను వెనక్కి తిరిగాను. బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. కొంతసేపటికి, "ముంతెడు" అన్నాడు. మరికొంతసేపటికి, "రెండు ముంతలు. నిన్న మాపటీలి నేను తాగుతాంటె అది నా మొకం దిక్కే చూడవట్టె. ఒక్కన్నే ఎట్ల తాగుత? మనిషినా, పసరమునా?" అన్నాడు.

"పొద్దుగూకేసరికి దిగుతది, నీళ్ళు తాగిపియ్యుండ్రి" అని కంపౌండరు మమ్మల్ని పంపివేశాడు. కరిచిన కుక్కకు భయపడి పది రోజులు కాపలా కాస్తున్న మనిషి, ఐదు రోజులకే ఆ కుక్కను కల్లుకు తోడు కూర్చోబెట్టుకున్నాడని మాకు అప్పుడు తెలిసింది. రిజిస్టరులో ఆ రోజు ఎదురుగా "నీళ్ళు: తాగలేదు. కారణం: బావ" అని రాశాను. ఆ పుట ఇప్పటికీ ఉంది.

పదో రోజు, ఫిబ్రవరి 20, ఆదివారం. మోతి నీళ్ళు తాగింది, బావ బతికాడు, అవ్వ కొబ్బరికాయ కొట్టింది. అప్పుడు బాపు మంచం మీద కూర్చొని, "ఏది, పద్దు చదువు" అన్నాడు.

చదివాను. "డెబ్బై తొమ్మిది నలభై. సబ్బు, టింక్చరు ఒకటి ఇరవై. రిక్షా రెండు. ఇప్పటిదాక ఎనబై రెండు రూపాయల అరవై పైసలు."

"కోళ్ళు ఏడ రాసినవ్?"

"రాయలె. అవి అల్లుని మర్యాద. ఇంటి ఖర్చు."

"కుక్క కరవకుంటె అల్లుడు రెండోనాడే ఎడ్లను కొనుక్కొని పోతుండె. కుక్క కరిసింది గనుకనే ఉన్నడు. ఉన్నడు గనుకనే నాలుగు కోళ్ళు తెగినయ్. యాబై ఆరు కలుపు. ఎంతాయె?"

నూట ముప్పై ఎనిమిది రూపాయల అరవై పైసలు అయింది. నాకు కలపకముందే తెలుసు. వాకిట్లో మోతి గొలుసు చప్పుడు చేసింది. బాపు మెల్లగా అన్నాడు: "మాట ఇచ్చినవ్. రేపు పొద్దున భూపాలపల్లి బస్సు."

"పోను" అన్నాను. బాపు ముఖం మీద ఆ మాట అనడం 1969 తరువాత అదే మొదలు. "కుక్క ఊకెనే కరువలె. బావ రెండుసార్లు గుద్దిండు, మొదటిసారి అది ఊకున్నది. ఇంటి మనిషిని గుద్దితె ఏం జెయ్యాలె అది? గుద్దింది బావ, గుద్దిన పద్దు బావది, కోళ్ళు బావవి. నేను ఒక్క పైస కలుప."

"కలుపాలె."

"కలుప."

అప్పటిదాకా చుట్ట కాలుస్తూ మా వాదన వింటున్న బావ చుట్టను కింద పడేసి లేచి నిలబడ్డాడు. ఆ గొంతు ఇప్పుడు రెండు పొలాలు కాదు, నాలుగు పొలాలు దాటింది. "ఆగు మామా. జర నాకు సమజైతలేదు. నేను తిన్న కోళ్ళు కుక్క పద్దుల రాస్తవా?"

బాపు ఏదో చెప్పబోయాడు.

"అంటే పది దినాలు ఈ ఇంట్ల నేను అల్లునిగ తినలె. కుక్క పేరు మీద తిన్న. రేపు మా ఊర్ల అడుగుతరు, అత్తగారింట్ల ఏం మర్యాద జేసిండ్రని. ఏమని చెప్పాలె? కుక్క పద్దుల నాలుగు కోళ్ళు కోసిండ్రని చెప్పాలెనా?"

అవ్వ లోపలినుంచే అన్నది: "అల్లుడు తిన్నది లెక్కవెట్టుడు ఏడన్న ఉన్నదా? ఇంటే నలుగురు నవ్వరా?" బాపు చేతిలో అంకెలన్నీ సరిగానే ఉన్నాయి, వాటిని రాసుకోవడానికి చోటు లేకుండా పోయింది. ఆయన మోతి వైపు చూసి, "సరె. ఎనబై రెండు అరవై" అన్నాడు. బావ కూర్చున్నాడు. నేను గెలిచాను. నా తెలివితో కాదు, బావ పౌరుషంతో.

ఆ తరువాత మూడు నెలలు పద్దు బుద్ధిగా నడిచింది. ఎప్పుడు మొదలైందో నేను గుర్తించలేదు గానీ, గుట్టపక్క చెలకలో పల్లికాయ ఊరే కాలానికి బాపు కావలికి పోతూ మోతిని కూడా వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు. 1977 మే 19, గురువారం, పొద్దున పదకొండు గంటలు, మండుటెండ. బాపు మోతిని భుజాల మీద వేసుకొని దఫ్తరు మెట్ల దాకా నడిచి వచ్చాడు. చెలకలో పడ్డ అడవిపందికి అది ఎదురు నిలబడింది; పంది దాని పక్కటెముకల మీద జానెడు చీల్చింది. బాపు ధోవతి అంతా నెత్తురు. "జల్ది పా" అన్నాడు, అంతే. కుట్లకు, మందులకు, రిక్షాకు, పదహారు రోజుల పాలకు కలిపి ముప్పై రెండు రూపాయల అరవై పైసలు. నెలనెలా అయ్యే ఖర్చు పదహారు రూపాయలను కూడా కలిపితే గీత దాటిపోయింది. ఆ సంగతి నేను మందులచీటీ చేతిలో పట్టుకున్నప్పుడే చూశాను. చూసి, పైసలు కట్టాను.

జూన్ 5, ఆదివారం, ఉదయం ఏడు గంటలు, ఆకాశం నిర్మలం. ఏడాది నిండింది. ఈసారి బాపు పిలవలేదు. నేనే పద్దు తీసుకొని పోయి ఎదురుగా నిలబడి చదివాను. ఒక్క అంకె దాచలేదు. "మొత్తం నూట ముప్పై ఒక్క రూపాయల ఇరవై పైసలు. నూటిరవై దాటింది."

బాపు గొంతు సవరించుకున్నాడు. "కావలి కూలి రాసినవా?"

"ఏం కావలి?"

"నా ఎంబడి మూడు నెలలు చెలకకు వచ్చింది. మనిషిని పెడితె నలబై రూపాలు అడుగుతుండె. కోడికి రాబడి రాసినోనివి, దీనికి రాయవా? నలబై తీసెయ్. ఎంతాయె?"

తొంభై ఒక్క రూపాయల ఇరవై పైసలు అయింది. ఆయన మోతిని కాపాడటానికి నాకు దారి చూపుతున్నాడు. ఏ బుద్ధిమంతుడైనా కలం తీసి రాసుకొనేవాడు. నాలోని మొండివాడు మాత్రం తల అడ్డంగా ఊపాడు. "రాయను. కూలి రాస్తే అది కూలిది అయితది. మోతి ఇంటిది. అవ్వకు కూలి రాస్తున్నమా? అది కావలిగాసింది ఇంటిది గనుక. నూట ముప్పై ఒకటి ఇరవైయే లెక్క. లెక్క గంతే ఉంటది, కుక్క గూడ ఈడ్నే ఉంటది. పంపుతనంటే ఇద్దర్ని పంపు."

బాపు నా చేతిలోని పుస్తకం వైపు వేలు చూపి, "ఇంటిదైతే దాని తిండి గింత కాగితం మీద ఎందుకు రాస్తున్నవ్ రా?" అన్నాడు. "ఇంట్లోళ్ళు తిన్నది ఎవడన్న లెక్కవెడ్తడా? మొన్న మీ అవ్వ చెప్పలేదా? మూసెయ్ ఆ బుక్కు."

దఫ్తరులో పైఅధికారులకే ఎదురు లెక్క చెప్పే నేను, చదువురాని మనిషి మాటకు లోబడ్డాను. పుస్తకం మూశాను. బాపు లేచి, కొత్త కిర్రుచెప్పులు తొడుక్కొని చెలకకు బయలుదేరాడు. కుట్ల మచ్చతో, కొద్దిగా కుంటుతూ, మోతి ఆయన వెంట పోయింది.

మోతి 1987 ఆగస్టు 23, ఆదివారం దాకా బతికింది. బావ వచ్చినప్పుడల్లా దానికి వేరే పొట్లంలో బొక్కలు తెచ్చేవాడు. నా వీపు మీద మాత్రం మళ్ళీ చేయి వేయలేదు. పుస్తకం మూసిన రోజునుంచి లెక్కిస్తే పదేళ్ళ రెండు నెలల పద్దెనిమిది రోజులు. అన్నేళ్ళలో అది ఎన్ని నూకలు తిన్నదో, ఎన్ని చెప్పులు కొరికిందో, నా దగ్గర ఒక్క అంకె లేదు. ఏ తేదీ అడిగినా పుట తీసి చూపించగల నేను, నా జీవితంలో ఈ ఒక్క భాగానికి ఆధారం చూపలేను. చూపించమని అడిగేవారికి నేను సంజాయిషీ కూడా ఇవ్వను. అప్పుడప్పుడు ఆ పాత డైరీ తెరిచి, అందులో దాచిన అంచనా కాగితం చూస్తాను. ఇరవై రెండున్నర రూపాయలతో ఒక ప్రాణిని పెంచవచ్చునని అందంగా గీతలు గీసి, కింద రెండుసార్లు సరిచూసుకొని, సంతకం కూడా పెట్టుకున్న ఆ కుర్రవాణ్ణి చూస్తే నవ్వు వస్తుంది. ఆ కూడికలో తప్పేమీ లేదు. ఇప్పటికీ సరిగ్గానే ఉంది.

1976 జూన్ 6 నుంచి 1977 జూన్ 5 వరకు మోతి మీద అయిన మొత్తం ఖర్చు నూట ముప్పై ఒక్క రూపాయల ఇరవై పైసలు. అల్లుడి కోళ్ళు ఇందులో కలపలేదు.